సంఘములలో తగవులు: స్కాట్లండు చెప్పు పాఠము

పదిమంది కూడినచోట తగవు పుట్టక మానదు. దేవాలయపు ధర్మకర్తలలో తగవు, చెఱువు క్రింది ఆయకట్టుదారులలో తగవు, పాఠశాల కమిటీలో తగవు, పురపాలక సంఘములో తగవు; ఇవి మన పాఠకులెఱుగనివి కావు. తగవు పుట్టినదని యే సంఘమును మేము తక్కువగా నెంచము. పుట్టిన తగవు తీరుటకు త్రోవ యున్నదా, ఓడిన పక్షమువారు తీర్పునకు తల యొగ్గి మఱునాడును ఆ సంఘములోనే మర్యాదతో నుండగలుగుదురా యను రెండు ప్రశ్నలను బట్టి సంఘము బలమును కొలువవలయును.

ఈ విచారమునకు కారణము మన యెదుటనే యున్నది. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో నేర్పడిన దక్షిణ ఇండియా సంఘము ప్రొటెస్టెంటు క్రైస్తవులలో పెద్దది. దోర్నకల్లు, మెదకు, కృష్ణా-గోదావరి, రాయలసీమ మున్నగు తెలుగు డయోసిసులు అందులోనివి. ఆ సంఘపు సినడు ఎన్నికలను గూర్చిన తగవులు ఇటీవల మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకును, అటుపై సర్వోన్నత న్యాయస్థానమునకును ఎక్కినవి. ఆ వ్యాజ్యముల మంచిచెడ్డలను తేల్చుట మా పని కాదు. అది న్యాయమూర్తుల పని. కాని తమ తగవులను తామే తీర్చుకొనుటకు మూడు నాలుగు మెట్లుగా సభల నేర్పఱచుకొనిన సంఘము తుదకు ప్రభుత్వ న్యాయస్థానపు వాకిట నిలువవలసి వచ్చుటకు హేతువేమి? ఈ ప్రశ్నకు స్కాట్లండు దేశపు సంఘచరిత్రము చక్కని సమాధానము చెప్పుచున్నది. సంఘములను సభల మూలమున పాలించుకొను పద్ధతి వేళ్లూనిన దేశములలో అది ముఖ్యమైనది. అక్కడి తగవుల కథ మన భూస్వాములును పట్టణవాసులును చదువదగినది.

మొదట ఆ పద్ధతిని తెలిసికొందము. 1560లో స్కాట్లండు రోమను మతాధికారమును విడిచినది. 1578లో ఆండ్రూ మెల్విల్ మొదలగువారు సంఘపాలనకు నియమావళి కూర్చిరి. 1581 నుండి ప్రెస్బిటరీలను ప్రాంతీయ సభలు వెలసినవి. 1592లో రాజ్యశాసనము వానిని అంగీకరించినది. ఊరిసంఘములో బోధకుడును, సంఘస్థులలోనుండి యేర్పడిన పెద్దలును కూడి మొదటి సభ యగుదురు. ఒక ప్రాంతములోని సంఘములన్నిటినుండి ఒక్కొక్క బోధకుడును, ఒక్కొక్క పెద్దయు వచ్చి కూర్చుండుట ప్రెస్బిటరీ. దానికిపైన పూర్వము సినడుండెడిది; అన్నిటికిపైన ఎడింబరోలో ఏటేట కూడు మహాసభ. ఈ సభలలో బిషప్పు లేడు. బోధకుని మాటకెంత విలువయో, సేద్యగాడో వర్తకుడో యగు పెద్ద మాటకును అంత విలువయే. మహాసభకు అధ్యక్షుడగు మోడరేటరు ఒక్క సంవత్సరము మాత్రమే ఆ పీఠమున నుండును. ఏడాది గడువగనే ఆయన తన స్థానమునకు తిరిగి పోవలసినదే.

తగవు తీర్చుటలో వారు పెట్టుకొనిన కట్టుబాట్లు మఱింత గమనింపదగినవి. ఊరిసభ తీర్పు నచ్చనివాడు ప్రెస్బిటరీకి అప్పీలు చేసికొనవచ్చును. పూర్వము ప్రెస్బిటరీ తీర్పుపై సినడునకు, దానిపై మహాసభకు పోగలిగెడివారు. ఏ సభ తీర్పుపై అప్పీలు వచ్చెనో ఆ సభవారు పైసభలో వాదులో ప్రతివాదులో యగుదురే గాని న్యాయమూర్తులుగా కూర్చుండి ఓటు చేయరాదు. తీర్మానమునకు ఒప్పుకొనని సభ్యుడు తన యసమ్మతిని కారణములతో గూడ మినిట్సు పుస్తకములో వ్రాయించుకొనవచ్చును. ఆ వ్రాత తరతరములకు నిలిచియుండును. 1697లో వారొక యడ్డుగట్టు నియమమును చేసికొనిరి. సంఘమంతటిని కట్టిపడవేయు క్రొత్త శాసనమేదైనను మహాసభ తనంతట తాను ఒక్కనాట చేసివేయరాదు. దానిని ప్రెస్బిటరీలన్నిటికి పంపి, వానిలో అధికసంఖ్యాకములు సమ్మతించిన పిమ్మట మఱుసటి మహాసభలో దానిని శాసనము చేయవలయును. తాత్కాలికముగా బలము చేజిక్కిన పక్షము నియమములను తమకు వలసినట్లు దిద్దుకొనకుండ ఇది కాపాడినది.

ఇంత చక్కని యేర్పాటు ఎట్లు చెడినది? బయటి చేయి లోపలికి వచ్చుటచే చెడినది. 1707లో స్కాట్లండు పార్లమెంటు ఇంగ్లండు పార్లమెంటుతో కలిసిపోయినప్పుడు స్కాట్లండు సంఘపాలనను ముట్టబోమని వాగ్దానము జరిగినది. కొద్ది యేండ్లకే, 1712లో, లండను పార్లమెంటు ఒక చట్టమును చేసి, 1690లో రద్దయియున్న హక్కునొకదానిని మరల నిలిపినది. ఊరిసంఘమునకు బోధకుని నిర్దేశించు అధికారము ఆ ప్రాంతపు భూస్వామిదో రాజుదో యను హక్కు అది. సంఘస్థులు కోరినను కోరకున్నను భూస్వామి పంపిన మనిషిని ప్రెస్బిటరీ నియమింపవలసి వచ్చినది. పరాయి సభ చేసిన చట్టము దేశీయుల కట్టుబాటులోనికి చొచ్చినచో ఎట్టి ఫలము కలుగునో మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ ఫలము పదునెనిమిదవ శతాబ్దమంతయు కనబడినది. ఊరు వలదనిన బోధకుని నియమించుటకు స్థానిక ప్రెస్బిటరీ వెనుదీసినపుడు, మహాసభ బయటినుండి గుఱ్ఱములెక్కించి వేఱు కమిటీని పంపి ఆ పని జరిపించెడిది. 1733లో ఎబెనేజరు ఎర్స్కిన్ మొదలగు నలుగురు బోధకులు వేఱుపడిరి. 1752లో ఇన్వర్కీతింగు ఊరిలో అట్టి నియామకమున పాల్గొననన్నందుకు తామసు గిల్లెస్పీ యను బోధకుని మహాసభ పదవినుండి తొలగించినది. 1761లో ఆయన వైపువారు మఱొక ప్రెస్బిటరీగా నేర్పడిరి. ఎర్స్కిన్ వర్గమువారు మాత్రము సుఖముగ నుండిరా? పట్టణ పౌరుల ప్రమాణములోని ఒక మాటను గూర్చి 1747లో వారును రెండుగ చీలిరి. ఒకసారి వీడిపోవుట యలవాటయినచో దానికి అంతమెక్కడ?

1834లో మహాసభ మేల్కొని, సంఘసభ్యులగు కుటుంబ యజమానులలో అధికసంఖ్యాకులు వలదనిన బోధకుని ప్రెస్బిటరీ నిరాకరింపవలయునని తీర్మానించినది. ఆ యేటనే పెర్తుషైరులోని ఆక్టరార్డరు ఊరికి కిన్నూల్ ప్రభువు రాబర్టు యంగ్ అను నాతనిని నిర్దేశించెను. అచ్చటి కుటుంబ యజమానులు 330 మంది. అందులో 287 మంది వలదనిరి. పిలుపుపత్రముపై చేవ్రాలు చేసిన ఊరివారు ఇద్దఱే. ప్రెస్బిటరీ ఆతనిని త్రోసివేసినది. ఆతడును ప్రభువును కోర్ట్ ఆఫ్ సెషన్ అను స్కాట్లండు సివిలు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1838లో ఎనమండుగురు న్యాయమూర్తులు ఒకవైపును అయిదుగురు మఱొకవైపును నిలువగా తీర్పు ప్రభువునకు అనుకూలమైనది. 1839లో లండనులోని ప్రభువుల సభయు దానినే స్థిరపఱచినది. 1842లో మఱొక తీర్పున, పరీక్షకు నిరాకరించిన ప్రెస్బిటరీ సభ్యులు సొంత సొమ్మునుండి నష్టపరిహార మిచ్చుకొనవలయునని తేలినది.

ఇంతకంటె దుఃఖకరమైనది మార్నకు ఊరి కథ. అది స్ట్రాత్‌బోగీ ప్రెస్బిటరీలోనిది. అచ్చట 300 మంది కుటుంబ యజమానులలో 261 మంది తమకు నిర్దేశింపబడిన బోధకుని వలదనిరి. ఆతనికై చేవ్రాలు చేసినవాడు ఊరి పూటకూటియింటి యజమాని యొక్కడే. నియమింపవలదని మహాసభ యాజ్ఞ. నియమింపవలయునని న్యాయస్థానపు టాజ్ఞ. ప్రెస్బిటరీలో అధికసంఖ్యాకులైన ఏడుగురు బోధకులు న్యాయస్థానమునకే లోబడిరి. 1841 జనవరి 21వ తేదీన మంచు నిండిన దినమున నియామకము జరుపబోగా, ఊరివారు తమ యభ్యంతరమును చదివి వినిపించి, బైబిళ్లను చంక బెట్టుకొని, మాటాడక తమ తాతలనాటి మందిరమునుండి వెడలిపోయిరి. ఆ యేడుగురిని మహాసభ పదవులనుండి తొలగించినది. వారిని మేము దుర్మార్గులని యనజాలము. ప్రభుత్వము జీతమును మందిరమును ఇచ్చుచుండగా ప్రభుత్వశాసనమునకు లోబడవలదా యని వారడిగిన ప్రశ్న తేలికయైనది కాదు. ఇద్దఱు యజమానుల నడుమ నలిగినవారు వారు. అట్టి స్థితిలో మనుష్యుని నిలుపు కట్టుబాటుదే తప్పు.

1842లో మహాసభ తన హక్కులను వివరించు విన్నపమును ప్రభుత్వమునకు పంపినది, ప్రభుత్వము త్రోసివేసినది. 1843 మే 18వ తేదీన ఎడింబరోలోని సెయింట్ ఆండ్రూస్ మందిరమున మహాసభ కూడినది. మోడరేటరు డేవిడ్ వెల్ష్ నిరసనపత్రమును చదివి, రాజప్రతినిధికి నమస్కరించి, బయలునకు నడచెను. తామసు చామర్సును, వెనుక మఱికొన్ని వందలమందియు ఆయనను వెంబడించి టాన్‌ఫీల్డు హాలునకు పోయి స్వతంత్ర సంఘమును స్థాపించిరి. సుమారు 1,200 మంది బోధకులలో 474 మంది పదవీత్యాగపత్రముపై చేవ్రాలు చేసిరి. చేవ్రాలుతో జీతము పోయెను, నివాసగృహము పోయెను, ప్రార్థనామందిరము పోయెను. పిల్లలతో నున్న కుటుంబములు ఆ వేసవిలో ఇండ్లు ఖాళీ చేసి బండ్లపై సామానులు వేసికొనిరి. చామర్సు ముందుగనే యేర్పఱచిన నిధికి బీదలును వారమువారము కొద్దిపాటి పైకము చెల్లింపగా, సంపన్నమైన ఊరి బోధకునికిని నిరుపేద ఊరి బోధకునికిని ఆ నిధినుండి సమభాగము ముట్టుచుండెను.

మన భూస్వాములు ఇచ్చట నొక్కమాట ఆలకింపవలయును. వేఱుపడినవారికి మందిరము కట్టుకొనుటకు చోటు నీయమని కొందఱు స్కాట్లండు భూస్వాములు పట్టుపట్టిరి. స్ట్రాంటియను ప్రాంతమున భూమి యంతయు సర్ జేమ్స్ రిడెల్ గారిదే. చోటు దొరకని ఆ యూరివారు 1846లో ఇనుముతో నొక తేలియాడు మందిరమును క్లైడు నదివద్ద కట్టించి, సూనార్టు అఖాతమున తీరమునకు కొంత దూరమున లంగరు వేయించి, పడవలపై పోయి ప్రార్థించుకొనిరి. ఇతర స్థలములలో రాజమార్గము ప్రక్కనో, సముద్రపుటొడ్డున ఇసుకపైననో కూడిరి. 1847లో పార్లమెంటు విచారణసంఘమునే వేయవలసి వచ్చినది. భూమిని ఆపగలిగినవారు మనుష్యుల నాపలేకపోయిరి. ఆ ప్రభువులకు మిగిలినది అపకీర్తి.

ఆ చీలిక మన దేశమునకును వచ్చినది. ఆనాడు భారతదేశమున నున్న స్కాట్లండు మిషనరీలందఱును స్వతంత్ర సంఘమునే చేరిరి. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ తాను పెంచిన విద్యాలయపు భవనమును, గ్రంథములను విడిచి మరల మొదటినుండి ప్రారంభించెను. పాతసంఘపు విద్యాలయమును క్రొత్తది యొకటియు ఒకే పట్టణమున అఱువదేండ్లకు పైగా వేఱువేఱుగ సాగినవి. వివేకానందస్వామి చదివినది పాతదానిలో. 1908లో గాని ఆ రెండును ఒకటి కాలేదు. మద్రాసులో 1837లో జాన్ ఆండర్సను ప్రారంభించిన పాఠశాల స్వతంత్ర సంఘము వశమై, కాలక్రమమున మద్రాసు క్రైస్తవ కళాశాల యైనది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అందు చదివినవారే. ఆక్టరార్డరు ఊరి తగవు మన విద్యాలయముల చరిత్రను సైతము మలచినదనిన నతిశయోక్తి కాదు.

1874లో పార్లమెంటు తన తప్పు దిద్దుకొని భూస్వాముల నియామకపు హక్కును రద్దుచేసి, బోధకుని యెన్నుకొను హక్కును సంఘములకిచ్చినది. కాని 1712లో పడిన గాయము 1874లో మందు వేసినంతట మానదు గదా. అంతలో స్వతంత్ర సంఘమునకే మఱొక పరీక్ష వచ్చినది. 1900లో అది మఱొక ప్రెస్బిటీరియను సంఘముతో కలియ నిశ్చయించినది. మహాసభలో 643 మంది ఔననిరి, 27 మంది కాదనిరి. ఇంత యాధిక్యము మాకున్నదే, ఆస్తియంతయు మాతోనే వచ్చునని అధికసంఖ్యాకులు భావించిరి. అల్పసంఖ్యాకులు వ్యాజ్యము వేసిరి. స్కాట్లండు న్యాయస్థానములు త్రోసివేసినను, 1904 ఆగస్టు 1వ తేదీన ప్రభువుల సభ అల్పసంఖ్యాకులకే తీర్పు చెప్పినది. కొన్ని మూలసిద్ధాంతములకై దాతలిచ్చిన ధర్మపుసొత్తును, ఆ సిద్ధాంతములను విడిచినవారు ఓట్ల బలముచే తీసికొనిపోరాదనుట ఆ తీర్పు సారాంశము. ఆవిధముగ ప్రార్థనామందిరములు, కళాశాలలు, మిషను నిధులు, వానిని నడుపుటకు చాలినంతమంది మనుష్యులే లేని చిన్నపక్షము చేతిలో పడినవి. మునుపు భారతదేశమునకు రాజప్రతినిధిగా నుండి వెళ్లిన ఎల్గిన్ ప్రభువు అధ్యక్షతను విచారణసంఘము కూర్చుండవలసి వచ్చెను. 1905లో వేఱు చట్టమును చేసి, ఎవరు దేనిని నిజముగ నడుపగలరో చూచి ఆస్తిని పంచిరి.

1843లో బలవంతుడైన భూస్వామి ఊరివారి మాట వినలేదు. 1900లో బలవంతులైన అధికసంఖ్యాకులు ఇరువదియేడుగురి మాటను లెక్కసేయలేదు. మొదట దెబ్బతిన్నవారి సంతతియే రెండవసారి పొరపాటు చేసినది. ఇదియే ఈ చరిత్రలో మనము మఱువరాని భాగము. తనకు జరిగిన యన్యాయమును జ్ఞప్తియందుంచుకొనిన సంఘము కూడ, తాను బలపడిన దినమున ఎదుటివానికి అదే జరుగుచున్నదని గుర్తింపకపోవచ్చును.

తుదకు 1921 చట్టముచే మతవిషయములలో సంఘసభల తీర్పే తుదితీర్పని పార్లమెంటు అంగీకరించినది. 1929 అక్టోబరు 2వ తేదీన పాతసంఘమును, 1843లో వేఱుపడినవారి సంతతిలో అధికభాగమును ఎడింబరోలో మరల నొక్కటైనవి. ఎనుబదియాఱేండ్ల యెడబాటు ముగిసినది. ఒప్పుకొనని చిన్నసంఘము నేటికిని వేఱుగ నున్నది. 1834లో పురుషులగు యజమానులకు మాత్రమే యున్న మాట, 1966లో స్త్రీలును పెద్దలుగా కూర్చుండవచ్చునను తీర్మానముతో విస్తరించినది. ఇప్పుడచ్చట సంఘస్థుల సంఖ్య తగ్గుచుండుటచే ప్రెస్బిటరీలను కలిపివేయుచు, కొన్ని మందిరములను మూసివేయుచున్నారు. ఏ యూరి మందిరము నిలువవలయును, ఏది పోవలయును అనునది నేటి తగవు. దానిని తీర్చవలసినదియు ఆ పాత ప్రెస్బిటరీయే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. సభలచే సంఘమును పాలించుకొను ఈ యాచారము తెలుగునాటికి క్రొత్తది కాదు. మదనపల్లిలో జేకబు చాంబర్లేను మొదలగు అమెరికను ఆర్కాటు మిషనువారు దీనిని పాటించిరి. 1908లో ఆ సంఘములు, స్కాట్లండు మిషను సంఘములు, కాంగ్రిగేషనలు సంఘములు కలిసి దక్షిణ ఇండియా ఐక్యసంఘమైనవి. 1947లో అది ఆంగ్లికను, మెథడిస్టు సంఘములతో కలిసి నేటి దక్షిణ ఇండియా సంఘమైనది. బిషప్పు పదవి ఆంగ్లికనులనుండి వచ్చినది. బోధకులును సామాన్య సంఘస్థులును కూడి తీర్మానించు సభలు తక్కినవారి యనుభవమును గూడ కలుపుకొనినవి. మన పెద్దలు పంచాయతీ యన్నదియు నిట్టిదే గదా. కావున ఆ సంఘమునకు కట్టుబాటులు లేవనుట సరికాదు. ఉన్న కట్టుబాటులను ఓడినవాడు నమ్మగలుగునట్లు నడుపుటయే కావలసినది.

అందులకు స్కాట్లండు మూడువందలయేండ్లు కష్టపడి నేర్చిన నాలుగు మాటలు మేము మనవి చేయుదుము. ఒక ఊరిపై అధికారము నెఱపు మనిషిని ఆ యూరివారి సమ్మతి లేక పైనుండి దింపరాదు. తన తీర్పుపై వచ్చిన యప్పీలును తానే విచారింపరాదు; ఎన్నికలో నిలుచువాడు ఎన్నిక నడుపువాడు కారాదు. ఆట నడుమ ఆట నియమములను మార్చరాదు. మార్చవలసినచో క్రిందిసభలన్నిటికి పంపి, వారి మాట విని, గడువిచ్చి మార్చవలయును. ఆస్తి నేటి ఓట్లకు మాత్రమే చెందినది కాదు. ఇచ్చిన దాతలకును, రాబోవు బిడ్డలకును అందు మాట కలదు. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి తప్పినను న్యాయస్థానపు మెట్లు ఎక్కక తప్పదు. ఎక్కినపిమ్మట గెలిచినవాడును ఓడినట్లే. వకీళ్ల రుసుములకు పోవునది బీదల కానుకపెట్టెలోని సొమ్ము.

ఈ మాటలు క్రైస్తవ సోదరులకు మాత్రమే చెప్పినవి కావు. మన దేవస్థానముల కమిటీలును, విద్యాసంఘములును, సహకార బ్యాంకులును, రాజకీయ పక్షములును ఈ యద్దమున తమ ముఖము చూచుకొనవచ్చును. స్వపరిపాలన యనగా మన వారిచే మనము పాలింపబడుట మాత్రమే యని తలచువారు దాని సగమునే యెఱుగుదురు. మనవారి చేతిలో మనము ఓడిపోయిన దినమున, మన యసమ్మతి మినిట్సు పుస్తకములో వ్రాయబడి, మన చోటు మనకు మిగిలియుండుట దాని రెండవ సగము. మార్నకు ఊరివారు బైబిళ్లు చంక బెట్టుకొని మంచులోనికి నడచిపోయిన దినమున స్కాట్లండు ఈ రెండవ సగమును పోగొట్టుకొనినది. దానిని మరల సంపాదించుటకు ఎనుబదియెనిమిదేండ్లు పట్టినది. మన సంఘములకు అంత కాలము పట్టకుండుగాక యని మేము కోరుచున్నాము.